లక్ష్యం మనది, అలవాటు సందర్భానిది

కరెంటు పోయి పావుగంటయింది. ఫోను లైటు పట్టుకుని ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాం. అయినా స్నానాలగదిలో అడుగు పెట్టగానే చెయ్యి వెళ్ళి స్విచ్చి వేస్తుంది. మనలో మనమే నవ్వుకుని వంటింట్లోకి వెళతాం. అక్కడా అదే తంతు. కరెంటు లేదన్న సంగతి బుర్రకు తెలుసు, చేతికి తెలియదు. ఆ స్విచ్చి వేయడం ఒకప్పుడు వెలుతురు కోసమే నేర్చుకున్నాం. కొన్ని వేలసార్లు వేశాక దానికి వెలుతురుతో నిమిత్తం లేకుండా పోయింది. గుమ్మం దాటితే చాలు, చెయ్యి లేస్తుంది.

జనవరి ఒకటికో ఉగాదికో చేసుకున్న తీర్మానాలు నెల తిరక్కుండా ఎందుకు నీరుగారిపోతాయో తెలియాలంటే ఈ స్విచ్చి దగ్గరే మొదలుపెట్టాలి. రోజూ నడవాలి, సిగరెట్టు మానాలి, పడుకునేముందు ఫోను ముట్టకూడదు, గ్రూప్స్ పరీక్షకు రోజూ నాలుగు గంటలు చదవాలి. ఇవన్నీ లక్ష్యాలు. మనం కోరి పెట్టుకున్నవి, ఎందుకని ఎవరైనా అడిగితే కారణం చెప్పగలిగినవి. అలవాటుకు కారణాల గొడవ లేదు. దానికి కావలసిందల్లా ఒక చోటు, ఒక వేళ, దానికి ముందు జరిగే ఒక పని. లక్ష్యాన్నీ అలవాటునూ ఒకే గాటన కట్టి, రెండూ సంకల్పబలంతోనే నడుస్తాయనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది.

ఈ రెండూ వేరని ఎలుకలతో తేల్చి చూపించినవాళ్ళు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని క్రిస్టఫర్ ఆడమ్స్, ఆంథొనీ డికిన్సన్. 1980ల మొదటి మాట. మీట నొక్కితే ఎలుకకు చక్కెర గుళిక పడుతుంది. కొన్ని ఎలుకలకు ఈ విద్య కొద్దిగా నేర్పి ఆపేశారు. మరికొన్నింటిచేత అదే పని పదేపదే, చాలా ఎక్కువసార్లు చేయించారు. ఆ తరువాత గుళిక తిన్న ఎలుకలకు కడుపులో వికారం పుట్టించే లిథియం క్లోరైడు ఎక్కించారు. దాంతో గుళికంటేనే వాటికి రోత పుట్టింది. అప్పుడు మళ్ళీ మీట దగ్గర వదిలారు. కొద్దిగా నేర్చుకున్న ఎలుకలు మీట జోలికి పెద్దగా పోలేదు. బాగా అలవాటుపడ్డవి మాత్రం నొక్కుతూనే ఉన్నాయి. గుళిక ఎదురుగా పెడితే ముట్టవు, మీట మాత్రం వదలవు. ఎందుకు నొక్కుతున్నావని అడిగితే వాటి దగ్గర జవాబు ఉండదు. రాత్రి పన్నెండింటికి ఫోను మీద బొటనవేలు ఆడిస్తూ కూర్చున్న మనిషిని అడిగినా అంతే.

మనుషుల్లోనూ ఈ రెండు పనులకూ మెదడులో వేరువేరు చోట్లున్నాయని 1996లో బార్బరా నోల్టన్, జెన్నిఫర్ మాంగెల్స్, లారీ స్క్వైర్ ఒక చిన్న ఆటతో చూపించారు. బొమ్మలున్న కార్డులు చూపించి ఎండ కాస్తుందా, వాన పడుతుందా చెప్పమంటారు. ఏ కార్డుకు ఏది అనేది సూత్రంగా పట్టుకోవడం కష్టం. ఆడగా ఆడగా చేతికి పట్టుబడాలి. జ్ఞాపకశక్తి పోయిన రోగులు ఈ ఆట బాగానే నేర్చుకున్నారు, కానీ ఆడిన సంగతే వాళ్ళకు సరిగా గుర్తు లేదు. పార్కిన్సన్ రోగులకు ఆడిన సంగతంతా గుర్తుంది, ఆట మాత్రం పట్టుబడలేదు. పార్కిన్సన్ జబ్బులో ముఖ్యంగా దెబ్బతినేది మెదడు లోతుల్లో స్ట్రియాటం అనే చోటికి డోపమిన్ అందించే నాడీకణాలు. అలవాట్లు పేరుకునేది ఆ స్ట్రియాటంలోనే.

స్క్వైర్ పరీక్షించినవాళ్ళలో వైద్య గ్రంథాలు ఇ.పి. అనే పొడి అక్షరాలతో పిలిచే పెద్దాయన ఒకరున్నారు. 1992లో మెదడువాపు వచ్చి కొత్త జ్ఞాపకాలు ఏర్పడే భాగం పూర్తిగా పోయింది. రెండు నిమిషాల క్రితం పలకరించిన మనిషిని మళ్ళీ కొత్తగా పలకరించేవారు. ఆయన ముందు జతలు జతలుగా వస్తువులు పెట్టారు, మొత్తం ఎనిమిది జతలు. ప్రతి జతలోనూ ఒకటి సరైనది. తీసి చూస్తే అడుగున చీటీ ఉంటుంది. మామూలు మనుషులు రెండు మూడు రోజుల్లో నేర్చేసుకునే ఈ పనిని ఆయనచేత వారానికి రెండుసార్లు చొప్పున నెలల తరబడి చేయించారు. ప్రతిసారీ ఈ పని ఎందుకు చేస్తున్నారో ఆయనకు తెలియదు, ఆ వస్తువులను అంతకుముందు చూసినట్టూ తెలియదు. కానీ చివరికొచ్చేసరికి చెయ్యి దాదాపు ప్రతిసారీ సరైన వస్తువు మీదికే వెళ్ళింది. అప్పుడు పరిశోధకులు ఒక పని చేశారు. పదహారు వస్తువులనూ ఒక్కచోట కుప్పగా పెట్టి, సరైనవి విడిగా తీయమన్నారు. అంతే, నేర్చినదంతా పోయింది. అవే వస్తువులు, అదే మనిషి. మారింది అమరిక ఒక్కటే. ఈ ఫలితం 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. అలవాటు ఎంత గట్టిదో, ఎంత పెళుసుదో ఒకేసారి చూపించిన ప్రయోగం నాకు తెలిసి ఇదొక్కటే.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆన్ గ్రేబియల్ బృందం ఈ స్ట్రియాటంలోకే సన్నని తీగలు దింపి కూర్చుంది. టి అక్షరం ఆకారంలో ఉన్న దారి, చివర చాక్లెట్. టిక్కుమని తలుపు తెరుచుకోగానే ఎలుక పరుగెడుతుంది. మొదటి రోజుల్లో దారి పొడవునా నాడీకణాలు మోగుతూనే ఉన్నాయి. దారి అలవాటయ్యాక మధ్యలో సద్దుమణిగాయి. తలుపు చప్పుడు దగ్గర ఒకసారి, పరుగు పూర్తయ్యాక ఒకసారి గట్టిగా మోగి ఊరుకున్నాయి. మొదలు నుంచి చివరిదాకా మొత్తం ఒకే మూటగా మారిందన్నమాట. మూట విప్పాలంటే మధ్యలో పట్టుకుని లాభం లేదు. రోజూ వెళ్ళే దారిలో బండి నడుపుతూ ఆఫీసుకు చేరాక, దారిలో ఏ సిగ్నల్ దగ్గర ఆగామో గుర్తుండకపోవడం అందుకే.

ఇదే బృందం 2012లో చేసిన ఇంకో ప్రయోగం అలవాట్లు మానాలనుకునేవాళ్ళు తప్పక తెలుసుకోవలసింది. మెదడు ముందుభాగంలో ఒక చిన్న చోటిని కాంతితో కాసేపు ఆపేస్తే ఎలుకల పాత అలవాటు అప్పటికప్పుడు ఆగిపోయింది. కొన్నాళ్ళకు వాటికి కొత్త అలవాటు కుదురుకుంది. అప్పుడు మళ్ళీ అదే చోటిని ఆపితే కొత్తది తొలగిపోయి పాత అలవాటు తిరిగొచ్చింది! అంటే అది చెరిగిపోలేదు, మూలన పడి ఉంది. పదేళ్ళ క్రితం సిగరెట్టు మానిన మనిషికి, పాత స్నేహితుడి పెళ్ళిలో, అదే గుంపులో, అదే వేళకు చెయ్యి జేబు వైపు వెళ్ళడం బలహీనత అనడానికి లేదు. ఆ సందర్భం పాత మూటను లేపింది.

సందర్భానికి ఇంత పట్టు ఎలా వస్తుంది? వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన పరిశోధన దీనికి సగం జవాబు. కోతి నోట్లో పండ్లరసం చుక్క పడితే మొదట్లో డోపమిన్ కణాలు రసం పడ్డప్పుడు ఉలిక్కిపడతాయి. రసానికి ముందు రోజూ ఒక దీపం వెలిగిస్తూ పోతే, కొన్నాళ్ళకు ఉలికిపాటు దీపం దగ్గరికి జరుగుతుంది. రసం వచ్చినా ఇక పట్టించుకోవు. దీపం వెలిగి రసం రాకపోతే మాత్రం చప్పున మందగిస్తాయి. ఫోనులో టింగుమన్న చప్పుడు అందులో వచ్చిన సందేశం కంటే ఎందుకు ఎక్కువ లాగుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

వెండీ వుడ్ ఈ సంగతులను ప్రయోగశాల దాటించి జనం మధ్యకు తెచ్చిన శాస్త్రవేత్త. 2002లో ఆమె బృందం విద్యార్థులకు గంటగంటకూ మోగే గడియారాలిచ్చి, ఆ క్షణాన ఏం చేస్తున్నారో రాసి పెట్టమంది. నూటికి దాదాపు 43 పనులు అదే చోట, దాదాపు రోజూ, మనసు వేరేచోట ఉంచుకుని చేసేవని తేలింది. తరువాత డేవిడ్ నీల్‌తో కలిసి ఆమె సినిమా హాలులో పాప్‌కార్న్ పంచింది. కొందరికి అప్పుడే చేసినది, కొందరికి వారం రోజుల నాటిది. సినిమాకు వచ్చినప్పుడల్లా పాప్‌కార్న్ తినే అలవాటున్నవాళ్ళు పాతదాన్ని కూడా కొత్తదానంతే తిన్నారు. బాగుందా అని అడిగితే బాగాలేదన్నారు! అదే పాప్‌కార్న్ సమావేశాల గదిలో పాటల వీడియోలు చూపిస్తూ పెడితే పాతది ఎవరూ అంతగా ముట్టలేదు. ఇంకో హాలులో, రోజూ తినే చేత్తో కాకుండా రెండో చేత్తో తినమన్నారు. అక్కడా పాతదాన్ని పక్కన పెట్టేశారు. చెయ్యి మార్చడంతో బుర్ర మేలుకుంది. ఎడమచేత్తో తినమంటే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఊరుకోరనుకోండి, అది వేరే సంగతి. కానీ చిప్స్ పొట్లం విషయంలో ప్రయత్నించి చూడవచ్చు.

చోటు మారితే ఎంత పెద్ద అలవాటైనా సడలుతుందనడానికి చరిత్రలో ఒక విడ్డూరమైన సాక్ష్యం ఉంది. 1971లో వియత్నాంలో ఉన్న అమెరికా సైనికుల్లో హెరాయిన్ పాకుతోందని వార్త పొక్కి వాషింగ్టన్ వణికిపోయింది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి లీ రాబిన్స్ అనే సామాజిక శాస్త్రవేత్తను లెక్కలు తీయమన్నారు. ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు అక్కడ ఆ మందుకు బానిసలైనట్టు తేలింది. వీళ్ళంతా ఇళ్ళకు తిరిగొస్తే ఏం కాను అని బెంబేలెత్తారు. తీరా చూస్తే, అక్కడ బానిసలైనవాళ్ళలో స్వదేశం వచ్చిన మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసలైనది నూటికి ఐదుగురే. మూడేళ్ళకు పన్నెండు మంది. చాలామంది ఈ లెక్కలు నమ్మలేదు. యుద్ధం లేకపోవడం, ఇంటి దగ్గర మందు అంత సులువుగా, అంత చౌకగా దొరకకపోవడం కూడా కారణాలే. ఇదంతా ఒట్టి చోటు మహిమ అనడం సరికాదు. కానీ ఆ గుడారం, ఆ సావాసగాళ్ళు, ఆ ఎదురుచూపుల సాయంత్రాలు అన్నీ ఒక్క విమాన ప్రయాణంలో వెనకబడిపోయాయన్నది కూడా కాదనలేం.

మన పల్లెల్లో పట్నాల్లో ఏటా కార్తీకం వస్తే ఇలాంటిదే ఒకటి కళ్ళముందు జరుగుతుంది. రోజుకు రెండు పెట్టెలు ఊదే మనిషి, సాయంత్రమైతే సీసా లేనిదే పొద్దుపోని మనిషి, గురుస్వామి చేత అయ్యప్ప మాల వేయించుకున్న రోజునుంచి 41 రోజులు వాటి మొహం చూడడు. భక్తి ఉంది, దోషం తగులుతుందన్న భయమూ ఉంది. వాటిని తక్కువ చేయను. కానీ పైన చెప్పిన ప్రయోగాలు చదివాక ఆ దీక్షను చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది. అయ్యప్ప దీక్ష మనిషి రోజులో ఒక్క పాత సందర్భాన్ని కూడా మిగల్చదు. నిద్ర లేచే వేళ మారుతుంది. లేవగానే చన్నీళ్ళ స్నానం, పూజ. కాఫీ సిగరెట్టు జంటగా నడిచే ఆ పది నిమిషాలు రోజులోంచే మాయమవుతాయి. బట్టల రంగు మారుతుంది, కాళ్ళకు చెప్పులుండవు, పడక నేల మీద. మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం. సాయంత్రం కలిసే నలుగురూ మారి, పడిపూజ దగ్గర భజన చేసే నలుగురు వస్తారు. అన్నిటికంటే గట్టిది పిలుపు. కన్నతల్లి, కట్టుకున్న భార్య, కడుపున పుట్టిన పిల్లలు, ఆఖరికి ఆఫీసులో పైఅధికారి కూడా ‘స్వామీ’ అనే పిలుస్తారు. పాన్ డబ్బా ముందు నిలబడ్డా సిగరెట్టు చేతికి రాదు, ‘స్వామి శరణం’ అన్న పలకరింపే వస్తుంది. ఇన్ని పహరాల మధ్య సంకల్పానికి పెద్దగా పని పడదు.

మరి మాల తీసిన మర్నాడో ఆ మర్నాడో చాలామంది మళ్ళీ ఎందుకు మొదలుపెడతారు? దీని మీద మన ఊళ్ళలో జోకులకు కొదవ లేదు. 41 రోజులు నిలబడిన సంకల్పం ఒక్కరాత్రిలో ఆవిరైపోయిందని అనుకోవడం నాకు సబబుగా తోచదు. ఆవిరైంది దీక్ష తెచ్చిన సందర్భం. చెప్పులు, చొక్కా, కాఫీ, పాత నలుగురు, పాత పేరు అన్నీ ఒకే రోజు తిరిగొచ్చాయి. గ్రేబియల్ ఎలుకల్లో లాగానే మూలన పడి ఉన్న మూట లేచింది. దీక్షతో పూర్తిగా మానేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను కదిలిస్తే తరచుగా ఒక సంగతి బయటపడుతుంది. మాల తీసినా వాళ్ళు అంతా తీసేయలేదు. తెల్లవారుజాము స్నానమో, పొద్దుటి పూజో, శనివారం భజనో ఏదో ఒకటి ఉంచుకున్నారు. దీక్ష చేసే నాన్నకో, అన్నయ్యకో ఇంట్లోవాళ్ళు చేయగలిగిన మేలు ఏదైనా ఉంటే, ఇరుముడి దించిన రోజునుంచి పొద్దుట కాఫీ ఎక్కడ కూర్చుని తాగుతారో మార్చేయడం.

రోజుల లెక్క దగ్గరికి వచ్చాం కాబట్టి 21 రోజుల మాట కూడా చెప్పుకోవాలి. ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటవుతుందని వక్తలు వేదికలెక్కి చెబుతారు. ఈ అంకె పుట్టింది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే న్యూయార్క్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకంలో. ముక్కుకో మొహానికో శస్త్రచికిత్స చేయించుకున్నవాళ్ళకు అద్దంలో కొత్త మొహం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించారు. ‘కనీసం’ అన్నది దారిలో ఎక్కడో రాలిపోయింది. ముక్కు కాస్తా నడక, చదువు, యోగా అయింది.

నిజంగా లెక్కపెట్టినవాళ్ళు లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం. 96 మంది తలా ఒక పని ఎంచుకున్నారు. మధ్యాహ్న భోజనంతో ఒక పండు, పొద్దున ఒక గ్లాసు నీళ్ళు, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరుగు లాంటివి. 84 రోజులు, రోజూ అది ఎంత అప్రయత్నంగా జరిగిందో నమోదు చేశారు. మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కానీ ఒకరికి 18 రోజుల్లో కుదిరితే, ఇంకొకరికి 254 రోజులు పడుతుందని గీత పొడిగించి అంచనా కట్టాల్సి వచ్చింది. ఇప్పుడు 21 పోయి 66 వేదికలెక్కింది, అదీ మంత్రమేమీ కాదు. 2023లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వాళ్ళు ముప్పై వేలమందికి పైగా జిమ్ సభ్యుల రాకపోకలు, మూడు వేలమందికి పైగా ఆసుపత్రి సిబ్బంది చేతులు కడుక్కున్న రికార్డులు కంప్యూటర్‌కు అప్పజెప్పి చూశారు. చేతులు కడగడం వారాల్లో అలవాటైంది, జిమ్‌కు నెలలు పట్టింది. రోజుకు అనేకసార్లు, ఒకే తలుపు దగ్గర, అరనిమిషంలో అయ్యే పని ఒకటి. బట్టలు మార్చుకుని, బండి తీసి, ట్రాఫిక్ దాటి చేసే పని ఇంకొకటి. రెండింటికీ ఒకే అంకె అడగడమే తప్పు.

లాలీ లెక్కల్లో నాకు అన్నిటికంటే విలువైనదనిపించింది వేరే ఉంది. ఒకరోజు మానేస్తే కొంపలేమీ మునగలేదు. మర్నాడు మళ్ళీ చేసినవాళ్ళ గీత దాదాపు అలాగే పైకి సాగింది. వ్రతభంగం అయిందనుకుని మొత్తం వదిలేసేవాళ్ళకే నష్టం. కేటీ మిల్క్‌మన్ బృందం 2021లో ఒక అమెరికన్ జిమ్ సంస్థలోని 61,293 మంది సభ్యుల మీద 54 రకాల ఉపాయాలు నాలుగేసి వారాలు ప్రయోగించి చూసింది. అన్నిట్లోకీ పైన నిలిచింది చాలా చిన్నది. ఒకసారి ఎగ్గొట్టి మళ్ళీ వచ్చినవాళ్ళకు పది సెంట్లు కూడా చేయని అదనపు పాయింట్లు. వారానికి వచ్చే సార్లు దాంతో 27 శాతం పెరిగాయి. అయితే నాలుగు వారాలు గడిచి ప్రోత్సాహకాలు ఆపేశాక ఫలితం నిలిచిన ఉపాయాలు నూటికి ఎనిమిదే. నెల రోజుల జిమ్ ఉత్సాహం సంగతి తెలిసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

సంకల్పబలం కండ లాంటిదని, వాడితే అలిసిపోతుందని ఒక సిద్ధాంతం చాలాకాలం రాజ్యమేలింది. 1998లో ఎదురుగా వేడివేడి బిస్కెట్లు పెట్టి ముల్లంగి మాత్రమే తినమన్న ప్రయోగంతో అది పేరుపడింది. 2016లో 23 ప్రయోగశాలలు రెండు వేలమందికి పైగా మనుషులతో ఆ సిద్ధాంతాన్ని మళ్ళీ పరీక్షిస్తే ఫలితం దాదాపు సున్నా. ఇంతకంటే పనికొచ్చే సంగతి జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో బయటపడింది. 205 మందికి రోజుకు చాలాసార్లు మోగే పరికరాలిచ్చి, ఇప్పుడు ఏ కోరిక కలిగింది, దాన్ని అణచుకున్నారా అని అడిగారు. నిగ్రహం ఎక్కువున్నవాళ్ళు కోరికలతో ఎక్కువ పోరాడుతూ ఉంటారని మనం అనుకుంటాం. వాళ్ళకు అలాంటి కోరికలు ఎదురుపడడమే తక్కువ. మనం మెచ్చుకునే ఆ గట్టిమనిషి స్వీటు షాపు ముందు పళ్ళు బిగించి నిలబడడు. ఆ వీధిలోంచి రాడు.

కొత్త పనికి సందర్భాన్ని ముందే ఎంచి పెట్టుకోవడం ఒక విద్య. ‘ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను’ అని ముందే అనుకోవడం మీద పీటర్ గోల్‌విట్జర్ 1990ల నుంచి పరిశోధించారు. 2002లో ఇంగ్లండులో విద్యార్థులను వచ్చే వారంలో ఒక్కసారైనా 20 నిమిషాలు గట్టిగా వ్యాయామం చేయమన్నారు. ఊరికే వదిలేసినవాళ్ళలో నూటికి 38 మంది చేశారు. గుండెజబ్బుల గురించి చదివించి ఉత్సాహపరిచినవాళ్ళలో 35 మంది. అదే చదివించి, ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ చేస్తారో కాగితం మీద రాయించినవాళ్ళలో 91 మంది! పెద్ద ఎత్తున చేసినప్పుడు తేడా ఇంత ఉండదు. ఒక అమెరికన్ సంస్థలో ఫ్లూ టీకాకు తేదీ, వేళ రాసుకోమన్న చీటీ పంపితే వేయించుకున్నవాళ్ళు 33 శాతం నుంచి 37కు పెరిగారు, అంతే. అయినా ఒక చీటీ ఖర్చుకు అది తక్కువేం కాదు. ‘రేపటినుంచి నడుస్తాను’ అనే నాన్నగారిని ‘ఎన్నింటికి, ఏ చెప్పులు వేసుకుని, ఏ వీధిలోంచి’ అని అడిగి చూడండి. విసుక్కుంటారు. కానీ అడగవలసిన ప్రశ్న అదే.

ఈ శాస్త్రమంతా ఒకచోట పెట్టి పరీక్షించిన పని మన చిత్తూరు జిల్లాలోనే జరిగింది. 2011లో లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ వాళ్ళు, బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధన సంస్థతో కలిసి జిల్లాలో 14 పల్లెలు ఎంచుకున్నారు. రోత అనే భావం మీద ఏళ్ళ తరబడి పరిశోధించిన వాలరీ కర్టిస్ అందులో ఉన్నారు. సబ్బు లేని ఇల్లు అరుదే, కానీ అది ఒంటికీ బట్టలకూ. దొడ్డికి వెళ్ళొచ్చాక, పిల్లలకు కడిగాక, వంటకు ముందు, తినేముందు సబ్బుతో చేతులు కడుగుతున్నారా అని ఇళ్ళలో కూర్చుని చూసి లెక్కపెడితే నూటికి ఒకటి రెండు సార్లే. కడగాలని తెలియక కాదు. క్రిముల పాఠం బడి గోడల మీద ఎప్పటినుంచో ఉంది.

ఏడు పల్లెల్లో ప్రచారం మొదలైంది. పేరు సూపర్ అమ్మ. ఆరోగ్య ఉపన్యాసం ఇవ్వలేదు. కొడుక్కి మంచి నడవడి నేర్పుతూ పెంచే పల్లెటూరి తల్లి కథను బొమ్మల సినిమాగా వేశారు. లడ్డూ లింగం అని ఒక వేషగాణ్ణి దింపారు. వాడు మట్టి, పురుగులతో లడ్డూలు చుడతాడు, చేతులు మాత్రం కడగడు. చూస్తున్న జనానికి కడుపులో తిప్పుతుంది, నవ్వూ వస్తుంది. ఆ తరువాత ఆడవాళ్ళంతా నలుగురిలో నిలబడి, ఫలానా ఫలానా వేళల్లో సబ్బుతో కడుగుతామని మాటిచ్చారు. అమ్మతనం, రోత, పదిమందిలో మాట. మూడూ మన ఊళ్ళలో ఎప్పటినుంచో పనిచేస్తున్న మీటలే.

ఆరు వారాల తరువాత చూస్తే ఆ పల్లెల్లో నూటికి 19 సార్లు సబ్బు వాడారు, మిగతా పల్లెల్లో 4. ఇలాంటి ప్రచారాల్లో మామూలుగా ఇక్కడినుంచి దిగుడే ఉంటుంది. ఇక్కడ ఆరు నెలలకు 37కు పెరిగింది, మిగతా చోట్ల 6. ప్రచారం చేసినవాళ్ళు వెళ్ళిపోయాక పెరిగిందన్నమాట. పక్కింట్లో కడుగుతుంటే మన ఇంట్లోనూ కడగడం మొదలై ఉండాలని నా అభిప్రాయం. మిగతా పల్లెల్లోనూ ప్రచారం కుదించి చేశాక, ఏడాదికి రెండు వైపులా 29 దగ్గర నిలిచింది. 37 నుంచి 29కి తగ్గిందని పెదవి విరవవచ్చు. ఒకటి నుంచి 29కి పెరిగిందనీ చూడవచ్చు. ఎటు చూసినా నూటికి 71 సార్లు చెయ్యి సబ్బు వైపు వెళ్ళలేదు. బహుశా ఆ క్షణాన సబ్బు చేతికందే చోట లేదు.

ఆ అనుమానాన్ని పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూం జిల్లాలో ఆర్థికవేత్తల బృందం ఒకటి వేరే దారిలో పరీక్షించింది. రెండు వేలకు పైగా ఇళ్ళు. మనలాగే అక్కడా చేత్తో తినడం, తినేముందు నీళ్ళతో చెయ్యి తడుపుకోవడం ఉంది, సబ్బు వాడడం అరుదు. నురుగు సబ్బు వచ్చే గోడపెట్టెలను భోజనం చేసే చోటికి దగ్గరగా బిగించారు. ఎవరు ఎప్పుడు నొక్కారో లెక్క రాసే చిప్ లోపల దాచారు. అందరి దృష్టీ రాత్రి భోజనం వేళ మీదే. కొన్ని ఇళ్ళవాళ్ళకు మీ వాడకం లెక్క మాకు తెలుస్తుందని చెప్పారు. కొన్ని ఇళ్ళకు వాడిన రోజున టిక్కెట్లిచ్చి, వాటితో పిల్లల వస్తువులు తీసుకోనిచ్చారు. ఈ రెండు రకాల ఇళ్ళలోనూ వాడకం బాగా పెరిగింది. లెక్క చూడడం, టిక్కెట్లు ఇవ్వడం ఆపేశాక కూడా కొంతకాలం మిగతావాళ్ళకంటే ఎక్కువే నిలిచింది. ఇక నిఘా, బహుమతులు ఏమీ లేకుండా ఊరికే పెట్టె బిగించి వదిలేసిన ఇళ్ళున్నాయి. పెట్టే లేని ఇళ్ళతో పోల్చితే ఆ ఇళ్ళలో కూడా పిల్లలకు విరేచనాలు తగ్గాయి, బరువు కాస్త పెరిగింది.